సీసాకి ఆకలేసింది

హాస్టల్, పై అంతస్తు, మూడో గది
ఆగస్టు 5

మామయ్యా,

ఈ ఉత్తరం ఇవాళే ఎందుకు రాయాల్సి వచ్చిందంటే, నీకు పంపిన సీసా పొద్దుటి బస్సులో బయల్దేరిపోయింది. అది నీ చేతికి వచ్చేలోపు దాని సంగతి నీకు తెలియాలి. అత్తయ్యకి ఫోన్ చేద్దామంటే ఆవిడ ఫోన్ నీళ్లతొట్టిలో పడి రిపేరుకి వెళ్లిందని అమ్మ చెప్పింది. నీతో ఫోన్లో మాట్లాడటం ఎలాగూ కుదరదు. నువ్వు "ఆఁ? ఆఁ?" అంటావు, నేను అరుస్తాను, మన ఇంటి సంగతులన్నీ హాస్టల్ మొత్తానికీ తెలిసిపోతాయి.

సీసాలో ఉన్నది నీలిరంగు. మేము ఆరుగురం కలిసి చేశాం. నిజం చెప్పాలంటే మేము చేయలేదు, ఒక ప్రాణి చేత చేయించాం. అది కంటికి కనిపించనంత చిన్నది. ప్రతి ప్రాణి లోపలా ఏ పని ఎలా చేయాలో చెప్పే రాత ఒకటి ఉంటుంది. ఆ రాతలో మేము రెండు వాక్యాలు కలిపాం. అప్పటినుంచి అది చక్కెర తిని నీలం కక్కుతోంది. ప్రాణుల రాతను ఇలా కొత్తగా కూర్చే చదువును సింథటిక్ బయాలజీ అంటారు. "అక్కడ నువ్వు చదివేది ఏమిటే?" అని అడిగినప్పుడల్లా నేను నీళ్లు నమిలింది దీని గురించే. మీ ఇంట్లో ఉండి బడికి వెళ్లిన రోజుల్లో నీ షెడ్డులో నీలం చూస్తూ పెరిగాను కాబట్టి, ఏ రంగు చేద్దామని మేడం అడిగితే నా నోట ఇంకో మాట రాలేదు. ఒక చిక్కు మాత్రం ఉంది. ఘాటైన మందుపొడి వేస్తే తప్ప ఈ నీలం గుడ్డకి పట్టడం లేదు. ఉతికితే పోతోంది.

సెప్టెంబరు 14, ఆదివారం, మేమంతా మన వీధి హాలుకి వస్తున్నాం. మా పని జనానికి చూపించి, వాళ్ల అనుమానాలు తీర్చాలని. "మీ వీధివాళ్లు వస్తారా?" అని మేడం అడిగితే, ఎవరినీ అడగకుండానే వస్తారని చెప్పేశాను. అందుకే సీసా ముందుగా పంపాను. నీ షెడ్డు కిటికీలో పెట్టు. చూసినవాళ్లు ఏం అడుగుతారో రాసి ఉంచు.

మూత మాత్రం తియ్యకు. సీసాలో ఉన్న ప్రాణులన్నీ చచ్చిపోయినవే, భయం లేదు. ప్రెషర్ కుక్కర్‌కి పెద్దన్నలాంటి మెషీన్ ఒకటి ఉంది, అందులో ఆవిరికి ఉడికించాకే పంపాం. మేము రాత మార్చిన ప్రాణి ఒక్కటి కూడా బతికుండగా ల్యాబ్ గడప దాటకూడదు. దాటిందంటే మా పని ఆపేస్తారు, నన్ను మళ్లీ ల్యాబ్‌లోకి రానివ్వరు.

అత్తయ్యకి నమస్కారాలు.

నీ పిట్ట


అద్దకం షెడ్డు
ఆగస్టు 14

ఒసే పిట్టా,

నీ సీసా బుధవారం వచ్చింది. నీ ఉత్తరం శనివారం వచ్చింది. బస్సుకి చక్రాలున్నాయి, పోస్టుకి లేవు కాబోలు.

ఉత్తరం చదివిన దగ్గర్నుంచి మూత మీద చెయ్యి వెయ్యలేదు. ఒట్టు.

సీసా కిటికీలో పెట్టాను. వీధంతా వచ్చి చూసిపోతున్నారు. నా చెవుల సంగతి తెలిసి గిరాకీలు కావలసిన రంగు పలక మీద రాసిస్తారు కదా, ఇప్పుడు అదే పలక మీద ప్రశ్నలు రాస్తున్నారు. అదేలే, నువ్వు ఒకటో తరగతిలో పట్టుకుని తిరిగిన పలకే. నువ్వు హోమ్‌వర్కు చేస్తుంటే పక్కన కూర్చుని నేను దిద్దుకున్న పలక. ఒక మూల పగిలింది, మిగతాది గట్టిగానే ఉంది.

బేకరీ ఆయన: రొట్టె పొంగడానికి నేను వేసే ఈస్టుకి ఇది చుట్టమా?

కుట్టుమిషనావిడ: ఇది తప్పించుకుని వచ్చి నా తెల్లచొక్కాలన్నీ నీలం చేస్తే పూచీ ఎవరిది?

మంగలి: జుట్టు నల్లబరిచే పని దీనికి నేర్పలేరా? నాకు కాదు, ఒక స్నేహితుడి కోసం.

మీ అత్తయ్య: అంట్లు తోమడం నేర్పాక కబురు పంపమను, అప్పుడు మాట్లాడదాం.

నా ప్రశ్న ఒకటే. మీరు దానికి అన్నం పెట్టి పని చేయించుకుని, ఆఖర్న ఉడికించి చంపేశారే, మనసెలా ఒప్పింది?

నువ్వన్న ఆదివారం హాలుకి వస్తాను. ఆఖరి వరసలో కూర్చుంటాను. నన్ను లేపి మాట్లాడమని మాత్రం అనకు. ఒకళ్లు ఒకటి అడిగితే నేను ఇంకోటి చెబుతాను, జనం నవ్వుతారు, నీకు తలవంపులు.

సీసాకేం, దివ్యంగా ఉంది. వచ్చినప్పుడు నీరసంగా ఉండేది, ఇప్పుడు తేరుకుంది. కిందంతా చక్కటి ఆకుపచ్చ తిరిగింది. నువ్వు బెంగపెట్టుకోకు, వేళకి తిను.

మామయ్య


హాస్టల్
ఆగస్టు 19

మామయ్యా,

ప్రశ్నలు చదివి మావాళ్లు పడీపడీ నవ్వారు. వాటికి జవాబులు తర్వాత రాస్తాను.

సీసా తేరుకోవడమేమిటి? చచ్చిన రంగు ఎక్కడైనా ఆకుపచ్చగా తిరుగుతుందా? "ఉత్తరం చదివిన దగ్గర్నుంచి" మూత తియ్యలేదన్నావు. మరి ఉత్తరం రాకముందు?

దాచకుండా రాయి. నేను కోప్పడను.

పిట్ట


షెడ్డు
ఆగస్టు 24

పిట్టా,

కోప్పడనని రాసినవాళ్ల ఉత్తరాలు చూస్తేనే తెలుస్తుంది, కోపం వచ్చేసిందని. సరే, చెబుతాను.

బుధవారం సీసా వచ్చింది. అడుగున నీలం మడ్డి, పైన చప్పిడి నీళ్లు. నురగ లేదు, వాసన లేదు. సీసాకి ఏదో కాగితం అతికించారు గానీ, నువ్వు నాకు నేర్పిన అక్షరాల్లో అవి లేవు. ఒక్క ముక్క అర్థం కాలేదు. నాకు అర్థమైంది ఒకటే, ఇది మన రంగు పులిసే బానలాంటిదే, ఆకలితో పడిపోయింది. పాపం పిల్లలు, రంగు చేశారు గానీ దానికి తిండి పెట్టడం తెలీదు అనుకున్నాను. పైగా దాన్ని కిటికీలో పెట్టాలని మీ అమ్మ కబురు చేసింది. చచ్చిన బానని కిటికీలో పెట్టుకుంటే వీధిలో నా మొహం ఎవరైనా చూస్తారా? అద్దకంవాడి షెడ్డులో బాన చచ్చిందంటే, వాడు పని మరిచిపోయాడని లెక్క.

అందుకని మూత తీశాను. కొంచెం తవుడు, చెంచాడు చక్కెర, చిటికెడు సున్నం వేసి కలిపాను. పొయ్యి వెచ్చదనం తగిలేచోట పెట్టి, పాత దుప్పటి చుట్టాను. మూడో రోజుకి పైన రాగిరంగు పొర కట్టి, నురగ లేచింది. పొర కింద ఆకుపచ్చ. నాలుక మీద ఒక చుక్క వేసుకున్నాను, సున్నం సరిపోయిందో లేదోనని. సరిపోయింది.

అదే శనివారం. రుమాలు ముంచి తీశాను. పచ్చగా వచ్చింది, గాలి తగిలేసరికి నీలం తిరిగింది. ఎలాంటి నీలమనుకున్నావు! "పిల్లది గట్టిదే" అన్నాను మీ అత్తయ్యతో. అప్పుడే పోస్టాయన వచ్చి నీ ఉత్తరం ఇచ్చాడు. చదువుతూ చదువుతూ 'మూత తియ్యకు' అన్నచోటికి వచ్చేసరికి నా చెయ్యి ఇంకా తడిగానే ఉంది.

ఏం రాయాలో తోచలేదు. అందుకే మంగలి సంగతీ అదీ రాశాను.

ఇంకో మాట. ఆ రుమాలు మూడుసార్లు ఉతికాను. రంగు పోలేదు.

మామయ్య


హాస్టల్
ఆగస్టు 28

మామయ్యా,

నీ ఉత్తరం అందిన గంటలోనే అత్తయ్యకి ఫోన్ చేశాను. రిపేరు అయి వచ్చినందుకు ఆ ఫోన్‌కి దండం పెట్టాలి. సీసాకి మూత బిగించమన్నాను, ఎవరూ ముట్టుకోవద్దన్నాను, పారబోయవద్దన్నాను. మిగతాది ఫోన్లో చెప్పలేకపోయాను. అత్తయ్య నీకు చేరవేసేటప్పుడు సగం నాటకం కలుపుతుంది. అందుకే రాస్తున్నాను.

నురగ లేచిందంటే అందులో ఏదో ప్రాణం ఉంది. అది మాదైతే, మేము రాత మార్చిన ప్రాణి ల్యాబ్ దాటి నీ షెడ్డుకి వచ్చిందన్నమాట. అలా వచ్చి ఉంటే తప్పు నీది కాదు, నాది. ఆ రోజు ఆవిరి మెషీన్ దగ్గర డ్యూటీ నాదే. రిజిస్టర్‌లో "ముప్పై నిమిషాలు" అని నా చేత్తో రాసి సంతకం పెట్టాను. కానీ గడియారం చూశానా? ఎంత గుర్తు చేసుకున్నా ఆ గడియారం నా కళ్లకి కట్టడం లేదు. బస్సు టైమవుతోందన్న హడావిడి ఒక్కటే గుర్తుంది. ఈ సంగతి మొదటి ఉత్తరంలో రాయలేదు. నాలో నేను కూడా అనుకోలేదు.

నీ దగ్గర దాపరికం ఎందుకు? సీసా పారబోయించేస్తే ఎవరికీ తెలియదు కదా అనిపించింది. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా ఆ ఆలోచనని వెంటేసుకుని తిరిగాను. క్లాసులో ఏం చెప్పారో వినలేదు. మన ఇంట్లో ఇంతదాకా ఎవరూ కాలేజీ మెట్లు ఎక్కలేదు, ఎక్కిన ఒక్కదాన్నీ మధ్యలో దిగి వస్తే ఎలా అని భయం. ఆఖరికి మేడం దగ్గరికి వెళ్లి మొత్తం చెప్పేశాను. ఆవిడ నన్ను భద్రతాధికారి గదికి తీసుకెళ్లింది. మేము ఆవిడని తాళాలావిడ అంటాం. నడుముకి తాళాలగుత్తి కట్టుకుని తిరుగుతుంది, ఆ చప్పుడు వింటేనే అందరం నిటారుగా కూర్చుంటాం. ఆవిడ అంతా విని, చెయ్యి చాపి నా ల్యాబ్ తాళం అడిగింది. ఇచ్చేశాను. సెప్టెంబరు 14 హాలు కార్యక్రమం ఆపేశారు. మావాళ్లు ఐదుగురూ నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

తాళాలావిడ సోమవారం మీ షెడ్డుకి వస్తుంది. అడిగినవాటికి ఉన్నదున్నట్టు చెప్పు. నన్ను కాపాడాలని ఏదీ కల్పించకు, నీ కల్పనలు నాకు తెలుసు.

నీ కడుపు ఎలా ఉంది?

పిట్ట


షెడ్డు
సెప్టెంబరు 5

పిట్టా,

నా కడుపు రాయి. ముందు అది చెప్పేస్తే నీకు స్థిమితం.

కల్పించవద్దని రాశావు గానీ, నీ ఫోన్ రాగానే ఎవరో ఒకరు అడగడానికి వస్తారని అప్పటికే కల్పించేశాం. సీసా దారిలోనే ఒలికిపోయింది, ఉన్నది నా బాన నీళ్లే అని చెబుదామని నేనూ మీ అత్తయ్యా రెండు పూటలు రిహార్సల్ వేశాం. తీరా నీ ఉత్తరంలో ఆ తాళం ఇచ్చేసిన సంగతి చదివాక ఆ నాటకం కట్టిపెట్టాం. నువ్వు అంతా చెప్పేశాక నేను అబద్ధమాడితే, నువ్వు చెప్పింది కూడా అబద్ధమైపోతుంది.

తాళాలావిడ వచ్చింది. నేననుకున్నంత పెద్ద మనిషేం కాదు, మీ అత్తయ్య భుజం దాకా వస్తుంది. చేతులకి తొడుగులు వేసుకుని సీసాని తీసి డబ్బాలో పెట్టి, డబ్బాని ఇంకో డబ్బాలో పెట్టింది. పలక ఇచ్చాను. ఏమాత్రం మొహమాటం లేకుండా రాసింది.

"మూత ఎవరు తీశారు?"

"నేనే."

"ఎందుకు?"

"ఆకలిగా ఉంది. నాకు కాదు, దానికి."

పలక తుడిచింది. "నాలుక మీద వేసుకున్నారట. ఆ తర్వాత ఒంట్లో ఏమైనా తేడా?"

మీ అత్తయ్య అందుకుంది. "తేడానా! ఆ రోజు నేను వండింది రెండోసారి అడిగి తిన్నాడండీ. పెళ్లయ్యాక అదే మొదటిసారి."

ఆవిడ నవ్వలేదు గానీ పలక అడ్డం పెట్టుకుంది.

"దేనితో కలిపారు?"

పెద్ద బాన అంచుకి ఆనించిన కర్ర చూపించాను. అప్పుడు చూడాలి ఆవిడ మొహం. కర్ర వంక చూసింది, కర్ర కొసనుంచి కారే చుక్క వంక చూసింది, బాన వంక చూసింది.

"ఈ కర్ర ఎప్పుడూ ఆ బానలోనేనా?"

"మరి ఇంకెక్కడ?"

"బాన ఎప్పుడు కడిగారు?"

నాకు పౌరుషం వచ్చింది. "కడగడమేంటండీ! మా నాన్న పెట్టిన బాన ఇది. రంగు వాడుకున్నప్పుడల్లా అడుగున కాస్త ఉంచి, దాని మీదే కొత్తది పోస్తాం. రోజూ తిండి పెడతాం. ఇంతవరకూ చావలేదు" అన్నాను. ఇంకో మాట కూడా చెప్పాను. "మీ సీసాలో లేచిన వాసన ఇక్కడిదే. నా చెవులు పోయాయి గానీ ముక్కు పోలేదు. మీ పిల్లలు చంపింది చచ్చే ఉంటుంది. లేచింది మా ఇంటిదే. రెండూ పట్టుకెళ్లి చూసుకోండి."

ఆవిడ బకెట్ బోర్లించుకుని కూర్చుంది. వచ్చిన పని పది నిమిషాలది, గంటన్నర కూర్చుంది. ఆకలి వేసిందని ఎలా తెలుస్తుంది, అజీర్తి చేస్తే ఏం చేస్తారు, చలికాలం ఎలా కాపాడతారు, పలక నిండా రాయడం, తుడవడం, మళ్లీ రాయడం. ఆఫీసు తాళాలు మోసే మనిషి నన్ను ఇన్ని అడగడం, నేను చెప్పేదాకా ఆగడం, నాకు ఇదే మొదలు. అడిగింది చెప్పానో, అడగనిది చెప్పానో గానీ, ఎవరూ నవ్వలేదు.

వెళ్లేటప్పుడు పెద్ద బానలోంచి కూడా ఒక చిన్న సీసా నింపుకుంది. రుమాలు కూడా పట్టుకుపోయింది. అది మీ అత్తయ్య నాకు పెళ్లిరోజుకి కుట్టి ఇచ్చింది. తిరిగి ఇప్పించే బాధ్యత నీది.

నీకు ఆ తాళం ఇచ్చారా?

మామయ్య


హాస్టల్
సెప్టెంబరు 21

మామయ్యా,

ఇచ్చారు. తాళం ఇప్పుడు నా మెడలోనే ఉంది. ఈ ఉత్తరం రాస్తూ రెండుసార్లు తడిమి చూసుకున్నాను.

మొత్తం చెబుతాను, విను. మేము చేసిన ప్రాణికి ఒక గుర్తు ఉంది. సూక్ష్మజీవుల్ని చంపే ఒక రకం మందు వేసిన పళ్లెంలో కూడా అది బతుకుతుంది, నీ బానలోవి బతకవు. సీసాలోని చుక్క ఆ పళ్లెంలో వేశారు. ఏమీ మొలవలేదు. మందు లేని పళ్లెంలో వేస్తే గుంపులు గుంపులుగా మొలిచాయి. అవి నీ పెద్ద బానలోవే, నీ కర్ర మీద ఎక్కి వచ్చినవి. అనుమానం ఉండకూడదని వాటి లోపలి రాత కూడా చదివి చూశారు. మేము కలిపిన రెండు వాక్యాలు ఎక్కడా లేవు. మాది చచ్చింది చచ్చినట్టే ఉంది. పళ్లేలు తయారుకాకముందే నువ్వు వాసన చూసి చెప్పేశావని తాళాలావిడ తన రిపోర్టులో రాసింది. నిజంగానే రాసింది, నేను కళ్లారా చదివాను.

తిట్లు తప్పలేదు. గడియారం చూడకుండా సంతకం పెట్టినందుకు నాకు. ఇకమీద ఆ మెషీన్ దగ్గర ఇద్దరు నిలబడాలి, ఇద్దరూ సంతకం పెట్టాలి. మిగతా తిట్లు ఆరుగురికీ సమానంగా. "వీధి కోసం పంపే సీసా మీద వీధి చదవలేని భాషలో కాగితం అతికిస్తారా? రంగులవాడి ఇంటికి బాన పంపి, తిండి పెట్టడనుకున్నారా?" అంది తాళాలావిడ. మాలో పొడుగ్గా ఉండేవాడు కిందికి చూసి నవ్వాపుకున్నాడు, వాడికి ఇంకో రెండు పడ్డాయి.

ఇప్పుడు అసలు సంగతి. మేము చేసిన నీలం గుడ్డకి పట్టడం లేదని మొదట రాశాను కదా. మా ఘాటు పొడి లేకుండా నీ రుమాలుకి పట్టింది. ఏడు నెలలుగా మేము వెతుకుతున్న సగం పని నీ బాన మూడు రోజుల్లో చేసేసింది. మా ప్రాణి నీలం చేయగలదు, గుడ్డలోకి దింపలేదు. నీ బానలోవి దింపగలవు, చేయలేవు. ఈ ముక్క విన్నాక మేడం హాలు కార్యక్రమం కాగితం తీసి ముందు పెట్టుకుంది. తర్వాత, "మనం ఆ వీధికి నేర్పడానికి వెళ్దామనుకున్నాం కదూ?" అంది.

హాలు కార్యక్రమం అక్టోబరు 12, ఆదివారానికి మారింది. తాళాలావిడ కూడా వస్తోంది. మొదటి బల్ల మాది. మా ప్రాణి బొమ్మలూ, ఉడికించిన రంగూ పెడతాం. కాగితాలన్నీ ఈసారి మన అక్షరాల్లోనే. రెండో బల్ల నీది. బేకరీ ఆయనకి చెప్పు, ఈస్టు మా ప్రాణికి దూరపు చుట్టమే. కుట్టుమిషనావిడకి చెప్పు, పూచీకి తాళాలావిడే స్వయంగా వస్తోంది. మంగలి స్నేహితుడు ఇంకొంతకాలం ఓపిక పట్టాలి. అత్తయ్యకి నేనే చెబుతాను. దాన్ని చంపడానికి మనసెలా ఒప్పిందని నువ్వు అడిగిన ప్రశ్న మాత్రం ఉత్తరంలో తేల్చేది కాదు. అది నువ్వే హాల్లో అందరి ముందూ మమ్మల్ని అడగాలి.

ఆఖరి వరస అంటావని తెలుసు. చెవుల సంగతి నేను ఆలోచించాను. నేను నీ పక్కనే నిలబడతాను. ఎవరు ఏది అడిగినా పలక మీద రాసి నీకు చూపిస్తాను. నువ్వు నోటితో చెబితే చాలు. ఆ పలక మీద నేను నీకు అక్షరాలు చూపించడం కొత్తేమీ కాదు కదా. తాళాలావిడ గంటన్నర కూర్చుని విన్నది, వీధి వినదా?

రుమాలు ఈ ఉత్తరంతోనే పంపుతున్నాను. ల్యాబ్‌లో ఉడికించి, ఉతికి, మళ్లీ ఉడికించి ఇచ్చారు. రంగు చూడు.

ఒక్క పని నువ్వు చేసి పెట్టాలి. ప్రతి బల్ల పైనా ఒక బోర్డు ఉంటుంది. మా బల్లకి మా కాలేజీ పేరు రాస్తున్నారు. నీ బల్లకి ఏం రాయాలని పెయింటర్ అడిగాడు. మావాళ్లు తలా ఒకటి చెప్పారు, నాకు ఒక్కటీ నచ్చలేదు. నువ్వు ఎవరివో, ఏం పని చేస్తావో నీ మాటల్లో, ఒక తెల్లకాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి పంపు. పెయింటర్ నీ చేతిరాతనే చూసి దించుతాడు. మీ నాన్నగారు పెట్టిన బాన అని కూడా రాయి, చోటుంది.

అతను అక్టోబరు ఒకటిన పని మొదలుపెడతాడు. సెప్టెంబరు 30 లోగా నీ కాగితం నాకు అందాలి. పోస్టులో వెయ్యకు మామయ్యా, బస్సులో పంపు.

నీ పిట్ట